సూపరింటెండెంట్ల గోల్ఫ్ పోటీ ఉంచాలా, ఆ డబ్బు స్కూల్ పిల్లల కోర్స్ విజిట్‌కి పెట్టాలా?

పాతగ్రీన్‌కీపర్ (మోడరేటర్):
అందరికీ నమస్తే. గోల్ఫ్ కోర్సుల గడ్డి, నీళ్లు చూసుకునే మన సూపరింటెండెంట్ల అసోసియేషన్ ఏడాదికి మూడు కార్యక్రమాలు పెడుతోంది. ఒకటి గోల్ఫ్ పోటీ, రెండోది ఫ్యామిలీలతో కలిసే సాయంత్రం, మూడోది స్కూల్ పిల్లల్ని కోర్సుకి పిలిచి మట్టి, నీళ్లు, గడ్డి చూపించే రోజు. స్పాన్సర్లు తగ్గారు, వచ్చే ఏడాది మూడూ నడపలేం, రెండే అవుతాయి. ఫ్యామిలీల సాయంత్రం జోలికి ఎవరూ పోవట్లేదు. మిగతా రెండిట్లో ఏది ఆపాలో కమిటీ తేల్చుకోలేకపోతోంది. ఓటింగ్‌కి ముందు ఇక్కడ మాట్లాడుకుందాం, మర్యాదగా.

బంకర్‌అంచు:
పోటీ తీసేద్దాం అనే మాట ఎలా వచ్చిందో నాకు అర్థం కావట్లేదు. ఏడాది పొడుగునా మనం గడ్డిని వంగి చూస్తాం, తేమ ఎంత, పీహెచ్ ఎంత, డాలర్ స్పాట్ తెగులు ఎక్కడ మొదలైంది అని. ఆడినప్పుడే అదే గడ్డిని బాల్ వెనక నిలబడి చూస్తాం. మా 12వ గ్రీన్ (బాల్ వేసే హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వెనక బంకర్ (ఇసుక గుంట) అంచుని నేను ఎన్నేళ్లు ట్రిమ్ చేయించానో లెక్కలేదు, ఒకరోజు నా బాల్ అక్కడ పడి షాట్‌కి నిలబడబోతే కాలు ఆనే చోటే లేదు. మోవర్ మీంచి చూస్తే అది జన్మలో తెలిసేది కాదు.

ఓల్డ్ టామ్ మోరిస్ స్కాట్లాండ్‌లో ముందు ప్రెస్ట్‌విక్‌లో, తర్వాత సెయింట్ ఆండ్రూస్‌లో కోర్సు చూసుకున్న మనిషి. 1861, 1862, 1864, 1867, నాలుగుసార్లు బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ పోటీ గెలిచాడు. కోర్సు చూసే చెయ్యీ క్లబ్ పట్టే చెయ్యీ ఒకటే అప్పుడు. మన వృత్తికి పెద్దదిక్కు ఆయన, మనం పోటీ ఖర్చు దండగ అనుకునే స్థితికి వచ్చాం.

సోమవారంపని:
పోటీ ఉండాలా వద్దా తర్వాత చూద్దాం. అది సోమవారం ఎందుకు పెడుతున్నారు? ముందు దానికి జవాబు చెప్పండి. చాలా క్లబ్బులకి సోమవారం సెలవు, కోర్సు మీద మెంబర్లు ఉండరు, మనకి చేతినిండా పని చేసుకునే రోజు వారానికి అదొక్కటే. ఏరేషన్ (గాలి ఆడేలా గడ్డిలో చిల్లులు పెట్టడం), టాప్ డ్రెస్సింగ్ (పైన పల్చగా ఇసుక పొయ్యడం), పైప్‌లైన్ తవ్వాలంటే తవ్వడం, అన్నీ ఆ రోజే. ఆ రోజు సూపరింటెండెంట్ పొద్దున్నే ఇస్త్రీ షర్టు వేసుకుని వేరే కోర్సుకి పోతాడు.

18వ‌హోల్:
పోటీకే నా ఓటు.

బంకర్‌అంచు:
సోమవారం ఎందుకంటే ఆతిథ్యం ఇచ్చే క్లబ్బు కూడా మూసి ఉన్నప్పుడే కోర్సు ఇస్తుంది కాబట్టి. శనివారం 18 హోల్స్ మనకి వదిలేసే క్లబ్బు ఎక్కడైనా ఉంటే చెప్పండి. షాట్‌గన్ స్టార్ట్ అంటే ప్రతి హోల్ మొదలయ్యే చోటు (టీ) నుంచి ఒకేసారి మొదలవ్వాలి, మెంబర్లు ఆడుతుండగా అది కుదరదు. ఇందులో చర్చించడానికి ఏముంది.

సోమవారంపని:
కుదరదు కాబట్టి సోమవారం అన్నారు, బాగుంది. మరి ఆ సోమవారం మీ కోర్సులో జరగాల్సిన పని ఏ రోజు జరుగుతుంది? మంగళవారం పొద్దున్న మెంబర్లు వచ్చాక గ్రీన్ మీద ఇసుక పోస్తారా?

మట్టిచెయ్యి:
స్కూల్ విజిట్ నాలుగేళ్లుగా నడుపుతున్నాను కాబట్టి దాని గురించి చెప్తా. ఇది మనం కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 1997లో ఫస్ట్ గ్రీన్ అని మొదలుపెట్టారు, 2018లో అక్కడి సూపరింటెండెంట్ల సంఘం జీసీఎస్ఏఏ దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. కోర్సునే సైన్స్ ల్యాబ్ చెయ్యడం అన్నమాట.

పోయినసారి ఏం జరిగిందో చెప్తా వినండి. ప్రోబ్‌తో గ్రీన్ అంచున నాలుగంగుళాల మట్టి కడ్డీ తీసి ఒక పాప చేతిలో పెట్టాను. పైన పచ్చగా, కింద తెల్లటి వేళ్లు, ఇంకా కింద ఇసుకలో నల్లటి చార. వాసన చూడమన్నా. కుళ్లిన గుడ్డు కంపు అంది. గాలి ఆడని చోట అలా నల్ల పొర కడుతుంది, ఆ కంపు దాని గుర్తు. నేను ఇంకా చెప్పకముందే ఆ పాప అడిగింది, అయితే గడ్డికి ఊపిరాడట్లేదా అని. ఏరేషన్ ఎందుకు చేస్తామో మెంబర్లకి పదేళ్లుగా చెప్తున్నాం, వాళ్లు ఇప్పటికీ గ్రీన్ నిండా చిల్లులు పెట్టారేంటని తిడతారు. ఐదో క్లాసు పిల్లకి ఒక్క మట్టి కడ్డీతో అర్థమైంది.

లెక్కలు కూడా చేయిస్తాం. 500 చదరపు మీటర్ల గ్రీన్, చదరపు మీటరుకి 2 గ్రాముల నత్రజని కావాలి, బస్తాలో ఎరువు 20 శాతం నత్రజనిది అయితే ఎన్ని కిలోలు వెయ్యాలి? ఐదు కిలోలు. బ్లాక్ బోర్డు మీద శాతాలు అంటే మొహం చాటేసే పిల్లలు గ్రీన్ పక్కన కూర్చుని చేసేశారు.

స్ప్రేగన్:
నేను గోల్ఫ్ ఆడను, ఇరవై ఏళ్లుగా కోర్సు నడుపుతున్నా. పోటీ రోజు నేను ఎక్కడ కూర్చోవాలి? కార్ట్‌లో వేరేవాళ్ల స్కోరు రాస్తూనా?

బంకర్‌అంచు:
@స్ప్రేగన్ అన్నా, స్క్రాంబుల్‌లో నలుగురూ కొట్టి అందులో మంచి బాల్ దగ్గర్నుంచి తర్వాతి షాట్ ఆడతారు, ఆట రానివాళ్లు కూడా కలవొచ్చు. రండి, నా టీమ్‌లో వేసుకుంటా.

@మట్టిచెయ్యి మేడమ్, మీ కష్టాన్ని తక్కువ చెయ్యట్లేదు. కానీ ఆ పిల్లలు మన సభ్యులు కారు. చందా కట్టేది మనం. స్కూలు వాళ్లు బస్సు దిగుతారు, ఫొటోలు దిగుతారు, పోతారు. ఆ ఫొటోలు క్లబ్బు బోర్డు మీద పెట్టుకోవడానికి పనికొస్తాయి, సూపరింటెండెంట్‌కి ఏమొచ్చింది?

మట్టిచెయ్యి:
ఏమొచ్చిందా? ఊరి నీళ్లన్నీ గోల్ఫ్ కోర్సు తాగేస్తోంది, మందులన్నీ చెరువులోకి పోతున్నాయి అని బయట అనేవాళ్లకి మనం ఏం చేస్తున్నామో చూపించే రోజు అదొక్కటే. రేపు నీటి కోతలు వస్తే మన తరఫున మాట్లాడేది ఆ పిల్లల తల్లిదండ్రులే. కొత్తగా ఈ పనిలోకి కుర్రాళ్లు రావట్లేదని మీటింగుకి మీటింగు ఏడుస్తారు కదా, ఎక్కడ్నుంచి వస్తారు మరి, గోల్ఫ్ కోర్సు లోపల ఎలా ఉంటుందో కూడా తెలియకుండా పెరిగితే? ఫొటోల కోసం అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండి. ఆ రోజుకి నెల ముందు నుంచి టీచర్లతో కూర్చుంటాను నేను.

సోమవారంపని:
స్కూల్ విజిట్ కూడా పని రోజునే కదా. కాకపోతే అది సోమవారం కాదు, అక్కడికి నయం.

కొత్తఅసిస్టెంట్:
సెమినార్లు ఎవరూ అనట్లేదేంటి? పొద్దున రెండు గంటలు క్లాసు, మధ్యాహ్నం ఆట పెట్టే సంఘాలు చాలా ఉన్నాయి. చదువుకీ పనికొస్తుంది, ఆటా ఉంటుంది.

18వ‌హోల్:
పొద్దున క్లాసుకి ఎవరూ రారు. ఆట టైముకి దిగుతారు. చూశాం.

సోమవారంపని:
రారు. ఎందుకంటే వాళ్లకి కావాల్సింది కప్పు. ఓల్డ్ టామ్ పేరు చెప్పుకుని కప్పు కోసం పోతున్నారు, అంతకన్నా ఏం లేదు ఇందులో. ఓల్డ్ టామ్ కోర్సుకి వారానికో రోజు విశ్రాంతి ఉండాలనే మనిషి, సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ ఇప్పటికీ మామూలు ఆదివారాల్లో ఆటకి మూసే ఉంచుతారు. మీరు ఆయన కప్పులు లెక్కపెట్టారు గానీ అది చెప్పలేదు.

బంకర్‌అంచు:
కప్పు కోసమా. సరే, ఇది ఎక్కడా రాయకూడదనుకున్నా, రాస్తున్నా.

ఆరేళ్ల క్రితం ఎండాకాలం, రాత్రి కూడా చెమట ఆరని ఉక్క, గ్రీన్లకి పిథియం అనే తెగులు పట్టింది. సాయంత్రం బాగానే ఉన్న నాలుగు గ్రీన్లు తెల్లారేసరికి జిడ్డు పట్టినట్టు మచ్చలు మచ్చలుగా పడిపోయి ఉన్నాయి, మంచులో తెల్లటి బూజు దారాలు కనిపిస్తున్నాయి. అది ఎంత వేగంగా పోతుందో ఇక్కడ అందరికీ తెలుసు. క్లబ్బులో ఒక్కడు నాతో మాట్లాడలేదు. కమిటీ పిలిచి నిలబెట్టి అడిగింది. ఇంటికెళ్లి చెప్తే గడ్డి మళ్లీ మొలుస్తుంది కదా అన్నారు, పాపం వాళ్లకేం తెలుసు. మూడో రోజు పొద్దున ఐదింటికి గేటు దగ్గర ఒక ట్రక్కు ఆగింది. వేరే కోర్సు సూపరింటెండెంట్, పోటీలో రెండుసార్లు ఒకే టీమ్‌లో ఆడాం, అంతకుమించి పరిచయం లేదు. విడిగా గడ్డి పెంచుకునే తన నర్సరీ గ్రీన్‌లోంచి గడ్డి పలకలు కోసుకుని తెచ్చాడు. ఏమీ అడగలేదు, మోకాళ్ల మీద కూర్చుని నాతోపాటు అతుకులు వేశాడు ఎనిమిదింటి దాకా. ఆ సీజన్ చివర్లో నా ఉద్యోగం ఎలాగూ పోయింది. కానీ ఆ మనిషి లేకపోతే నేను ఈ వృత్తిలోనే ఉండేవాణ్ని కాదు.

సెమినార్ హాల్లో పక్క కుర్చీలో కూర్చున్నవాడు అలా రాడు. నాలుగు గంటలు ఒకే కార్ట్‌లో తిరిగినవాడు వస్తాడు. నాకు పోటీ అంటే అది. మీకు కప్పులా కనిపిస్తే నేనేం చెయ్యలేను.

స్ప్రేగన్:
ఇది నాకు తెలీదు బ్రదర్.

సోమవారంపని:
చదివాను. కప్పు అన్నందుకు సారీ.

కానీ ఒకటి అడుగుతా. ఆ తెల్లారి మీ గ్రీన్ల మీద మచ్చలు ముందు చూసింది ఎవరు? మీరా, మీ అసిస్టెంటా?

బంకర్‌అంచు:
అసిస్టెంట్. నాలుగున్నరకి ఫోన్ చేశాడు.

సోమవారంపని:
అతను ఎప్పుడైనా ఆ పోటీకి వచ్చాడా?

నేను పదకొండేళ్లుగా అసిస్టెంట్‌ని. ఈ ఫోరంలో నన్ను సూపరింటెండెంట్ అనుకుని మాట్లాడుతున్నారు అందరూ, నేనూ కాదని చెప్పలేదు. ఈ పదకొండేళ్లూ పోటీ సోమవారం నేను కోర్సులోనే ఉన్నా. ఒక ఏడాది ఆ రోజే మెయిన్ లైన్ వాల్వ్ పగిలింది, ఫెయిర్‌వే మీద మడుగు కట్టింది, వెనక తొమ్మిది హోల్స్‌కి నీళ్లు లేవు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఇద్దరు కుర్రాళ్లు, ఒక ట్యాంకర్, ఒక హోస్, తొమ్మిది గ్రీన్ల మీద చేత్తో నీళ్లు చల్లుకుంటూ తిరిగాం. సార్‌కి ఫోన్ చేస్తే ఆటలో ఉన్నాడు, ఎత్తలేదు. సాయంత్రం ట్రోఫీ పట్టుకుని వచ్చి గ్రీన్లు చూసి బాగానే కాపాడారే అన్నాడు. అంతే. మర్నాడు కమిటీకి అదంతా తన పనిగా చెప్పుకున్నాడు.

నాకు ఆ రోజు బాధ పని గురించి కాదు. మీకు గేటు దగ్గర ట్రక్కు వచ్చింది. నాకు రేపు అలాంటిది జరిగితే ఎవరు వస్తారు? నేను ఎవరితో కార్ట్‌లో తిరిగాను గనక.

కొత్తఅసిస్టెంట్:
మా దగ్గరా ఇదే.

మట్టిచెయ్యి:
ఇది చదివాక నేనూ ఒకటి ఒప్పుకోవాలి. స్కూల్ విజిట్‌లో మట్టి స్టేషన్, నీళ్ల స్టేషన్, హోల్ కోసి చూపించే స్టేషన్, మూడూ నిలబెట్టేది అసిస్టెంట్లే. పోయినసారి హోల్ కట్టర్‌తో నాలుగుంపావు అంగుళాల ముక్క పైకి తీసి, పిల్లలతో కొలిపించి, వాళ్ల ముందే మళ్లీ అతికి చూపించిన అబ్బాయి పేరు మా రిపోర్టులో లేదు. రాసింది నేనే.

బంకర్‌అంచు:
మా అసిస్టెంట్ ఎప్పుడూ పోటీకి రాలేదు. నేను పిలవలేదు. పిలవాలని తట్టలేదు కూడా, ఇప్పుడు తట్టలేదు అని రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

అయినా పోటీ తియ్యడానికి నేను ఒప్పుకోను. మీరు చెప్పినదాన్ని బట్టి పోటీ ఇంకా పెద్దది కావాలి గానీ పోకూడదు. సూపరింటెండెంట్, అసిస్టెంట్ జంటలుగా ఆడదాం. ఒక కోర్సు నుంచి ఇద్దరు, రెండు కోర్సులు కలిసి ఒక టీమ్.

స్ప్రేగన్:
ఇద్దరూ వస్తే కోర్సు ఎవరు చూస్తారు? ఎండాకాలం మధ్యాహ్నం నీళ్లు చల్లే నిర్ణయం కుర్రాళ్ల మీద వదలలేం.

మట్టిచెయ్యి:
1926లో టోలెడోలో అరవై మంది గ్రీన్‌కీపర్లు కూడి అమెరికా సంఘం పెట్టుకున్నారు, వాళ్లందరికీ కోర్సులు ఉన్నాయి కదా, ఎవరో ఒకరు చూసే ఉంటారు ఆ రోజు. వాళ్ల పేర్లు మనకి తెలీదు. డబ్బు సంగతికొస్తే పోటీ బహుమతులు, టీషర్టులు తీసేస్తే మిగిలినదాంతో రెండు బస్సులొస్తాయి, నాకు అది చాలు.

18వ‌హోల్:
టీషర్టులు తీసేసినా పర్లేదు.

పాతగ్రీన్‌కీపర్ (మోడరేటర్):
ఓటింగ్‌లో మూడో ఆప్షన్ పెడుతున్నాను. బహుమతులు లేకుండా జంటల పోటీ, మిగిలిన డబ్బు స్కూల్ విజిట్‌కి. కోర్సు ఎవరు చూస్తారనేది తేలకపోతే మాత్రం ఇది కాగితం మీదే ఉంటుంది.

నేను రిటైరై రెండేళ్లయింది. పొద్దున నాలుగింటికి ఇప్పటికీ మెలకువ వస్తుంది, లేచి చేసేదేమీ లేదు. పంప్ హౌస్ తెలుసు, హోస్ పట్టడం మర్చిపోలేదు. ఆ రోజుకి ఒక కోర్సు నేను చూస్తా. నాలాంటి వాళ్లు ఇంకో ఐదారుగురు ఉన్నారు, అడుగుతాను.

సోమవారంపని:
సోమవారం గురించి నా మాట మారలేదు. ఏరేషన్ వారం కాకుండా చూసి పెట్టండి.

మా కోర్సుకి మీరు వస్తే 7వ గ్రీన్ మీద కన్నేసి ఉంచండి సార్. కుడి పక్క చెట్లు గాలిని ఆపేస్తాయి, రెండింటికల్లా ముందు అక్కడే వాడుతుంది, అడుగు పెడితే అచ్చు పడి లేవదు. ఎక్కువ వద్దు, ఆకు తడిస్తే చాలు.