బోరు నీటి మరకలు పడిన నల్ల కారుకు సిరామిక్ కోటింగ్ వేయించవచ్చా?

నమస్కారం. మా నల్ల కారు కొని రెండేళ్లు దాటింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ ఒకే తడిగుడ్డతో, బోరు నీళ్లతో తుడవడం వల్ల ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు వంటి సన్నని గీతలు, తలుపుల మీద తెల్లని ఉప్పు మరకలు కనిపిస్తున్నాయి.

డీటెయిలింగ్ షాపులో (కార్లను శుభ్రం చేసి మెరుగుపెట్టే చోట) విచారించగా, 9హెచ్ కాఠిన్యం గల సిరామిక్ కోటింగ్ వేస్తే ఇక గీతలే పడవని చెప్పారు. నేను చదివినంతలో 9హెచ్ అనేది ఎంత గట్టి పెన్సిల్‌తో గీసినా గీత పడదో చూసే పరీక్షకు చెందిన కొలత మాత్రమే. సిలికాన్ డయాక్సైడ్ ఆధారంగా తయారయ్యే ఈ పూత మందం కొద్ది మైక్రాన్లే కనుక, అది నీటిని జారవిడిచి, ఎండ నుంచీ పక్షి రెట్టల నుంచీ కొంత కాపాడుతుందే తప్ప, ఎగిరివచ్చి తగిలే రాయిని ఆపలేదు.

పాత గీతలు పూత కింద ఉండిపోకుండా ముందుగా పాలిష్ చేయించాలట. అయితే పాలిష్ చేసిన ప్రతిసారీ క్లియర్‌కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) కొంత అరుగుతుంది కదా, పనికి ముందే పెయింట్ మందం మీటరుతో కొలిచి చూపించమని అడగడం సబబేనా? పూత మీద బోరు నీటి చుక్కలు ఆరితే మళ్లీ మరకలు పడతాయా? ఐదేళ్ల వారంటీ కాగితంలో ఆరు నెలలకొకసారి వారి వద్దే డబ్బు కట్టి సర్వీసు చేయించాలన్న షరతు సన్న అక్షరాల్లో ఉంది. నాకది వారంటీలా కాక చందాలా తోచింది.

నల్ల కారుకు ఈ పూత వేయించి కనీసం రెండు వేసవులు గడిపినవారు దయచేసి తమ అనుభవం తెలియజేయగలరు. వాచ్‌మన్‌కు మాత్రం ఇప్పటికే రెండు మైక్రోఫైబర్ గుడ్డలు కొనిచ్చాను.