పొలాన్ని ఇలా గీస్తే రైతును తిట్టినట్టా?

డల్లాస్ బాబాయ్:
మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు పుణ్యమా అని డల్లాస్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లాం. అక్కడ అలెగ్జాండర్ హోగ్ అనే టెక్సాస్ చిత్రకారుడు 1934లో వేసిన 'డ్రౌత్ స్ట్రికెన్ ఏరియా' ముందు కాళ్లు ఆగిపోయాయి. ఇసుక మేటలు, పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా ఉన్న ఒక ఆవు, అది ఎప్పుడు కూలుతుందా అని కాచుకున్న రాబందు. మనిషన్నవాడు లేడు.

పేరులో కరువు ఉంది కానీ కథ వానల ఒక్కదానిదే కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమ ధర ఎగిసేసరికి టెక్సాస్, ఓక్లహోమా, కాన్సస్ వైపు గడ్డినేలల్ని ట్రాక్టర్లు పెట్టి దున్నిపారేశారు. యుద్ధం అయ్యాక ధర పడిపోతే, ఆ నష్టం పూడ్చుకోవడానికి ఇంకా దున్నారు. 1930ల్లో వానలు మొహం చాటేసే సరికి మట్టిని పట్టుకునే గడ్డివేళ్లు మిగల్లేదు. నేలే గాల్లోకి లేచింది. 1935 ఏప్రిల్ 14న అక్కడ మధ్యాహ్నం పూట చీకటి పడింది.

ఇలాంటి బొమ్మ వల్ల ఎవరికైనా కళ్లు తెరుచుకుంటాయా, లేక పట్నంవాళ్లు 'అయ్యో' అనుకుని కాఫీకి వెళ్లిపోతారా? మీరేమంటారు?

మెట్ట రైతుబిడ్డ:
నాకైతే ఒళ్లు మండుతుంది బాబాయ్. ఇదే హోగ్ 1936లో ఇంకోటి వేశాడు, టల్సాలో ఫిల్‌బ్రూక్ మ్యూజియంలో ఉంది. 'ఎరోజన్ నంబర్ 2'. కోసుకుపోయిన నేల ఒక ఆడమనిషి శరీరంలా పడి ఉంటుంది, ముందు ఒక నాగలి. తల్లిని చెరిచింది నాగలే అన్నట్టు. ఆ నాగలి ఎవరి చేతిది? రైతుది. మరి గోధుమ వెయ్యండి, యుద్ధం గెలుద్దాం అన్నవాళ్లు ఆ బొమ్మలో ఎక్కడున్నారు? అప్పిచ్చిన బ్యాంకు ఎక్కడ? ధర, అప్పు కంటికి కనపడవు కాబట్టి బొమ్మలోకి రావు. కనపడేది రైతు ఒక్కడే, నింద వాడికే.

డల్లాస్ బాబాయ్:
ఒక్క మాట. హోగ్ బయటివాడు కాదు. వాళ్లక్క కుటుంబానికి టెక్సాస్‌లోనే డాల్‌హార్ట్ ఊరి దగ్గర పశువుల రాంచ్ ఉండేది, అక్కడ పనిచేసిన మనిషే. ఆ ఊళ్ల వ్యాపారులకు మాత్రం ఇతని బొమ్మలు చూసి మన పరువు తీశాడని కోపం వచ్చింది. చందాలేసుకుని ఒక బొమ్మ కొని తగలబెడదామనుకున్నారని కూడా చెప్తారు!

బొమ్మల పిచ్చోడు:
డ్రాయింగ్ చెప్పుకుని బతికేవాణ్ని, నేనూ ఒకటి చెప్తాను. ముందు ఒక లెక్క సరిచేసుకుందాం. అమెరికాలో నేల పరిరక్షణ చట్టం వచ్చింది 1935 ఏప్రిల్ 27న, నంబర్ 2 వేసింది 1936లో. దుమ్ము వాషింగ్టన్ దాకా ఎగిరొచ్చాక పెద్దలు కదిలారు. బొమ్మలు చట్టాలు తెస్తాయని మావాళ్లు గొప్పలు పోతారు గానీ, నేను నమ్మను.

రైతుబిడ్డ గారూ, 1939 నాటి 'క్రూసిఫైడ్ ల్యాండ్' కూడా చూడండి. ఎర్రనేలలో వాన కోసిన గండ్లు, శిలువలా నిలబడ్డ దిష్టిబొమ్మ. వాలుకు అడ్డంగా కాకుండా నిలువునా దున్నితే వాన నీరు సాళ్లనే కాలవలు చేసుకుంటుంది. మా తాత చెప్పే మాటే ఇది. తిట్టు సంగతి పక్కన పెడితే, అక్కడ పాఠం కూడా ఉంది.

నా బాధ వేరు. హోగ్‌కి దుమ్ము దొరికింది, అందుకే భయం పుట్టించగలిగాడు. మన దగ్గర నష్టం అందంగా ఉంటుంది. గన్నవరంలో విమానం దిగేటప్పుడు కిటికీలోంచి కొల్లేరు వైపు చూడండి, చేపల చెరువులు అద్దం ముక్కలు పరిచినట్టు మెరుస్తాయి. దాన్ని ఉన్నదున్నట్టు గీస్తే కొనుక్కుని హాల్లో తగిలించుకుంటారు.

మెట్ట రైతుబిడ్డ:
కొల్లేరు సరైన ఉదాహరణే. 1970ల్లో మత్స్యకార సొసైటీలకు చెరువులు తవ్వించి ఇచ్చింది ప్రభుత్వమే. తర్వాత డబ్బున్నవాళ్లు దిగారు. 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో గట్లు పేల్చి కొట్టేశారు. ఇందులో ఏ ముక్క గీస్తారు మాస్టారూ? పేలిన గట్టు గీస్తే చెరువు తవ్వమన్నవాడు మళ్లీ కనపడడు.

బొమ్మల పిచ్చోడు:
ఒప్పుకుంటున్నా. ఒక్క బొమ్మలో పట్టదు.

రొయ్యల గట్టు:
ఇంతసేపూ చదువుతున్నా, ఇక ఉండబట్టలేక రాస్తున్నా. మాది భీమవరం దగ్గర. నాలుగెకరాల చేను తీసి చెరువు చేసింది మా నాన్నే. చుట్టూ అందరూ తవ్వేశాక మధ్యలో మా వరికి ఉప్పు తగిలింది. మూడు పంటలు చూశాం, మేమూ తవ్వేశాం. ఆశపడ్డామంటే ఆశే, కాదనను. కానీ అప్పటికి మిగిలిన దారి అదొక్కటే.

మాస్టారూ, మీరు గీయడానికి వస్తానంటే రండి. కానీ పగలు రావద్దు. రాత్రి 2 గంటలకు రండి. కరెంటు పోయి చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే ఆ నిశ్శబ్దానికే నాన్నకు మెలకువ వస్తుంది. డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి రొయ్య పైకి తేలేలోపు జనరేటర్ ఆన్ చెయ్యాలి. లుంగీ ఎగ్గట్టి, నోట్లో టార్చిలైటు కరుచుకుని గట్టు మీద పరిగెడతాడు. నేను ఆయన వెనక. అప్పటి టెన్షన్ రాస్తే రాదు. తెల్లారి చూస్తే గట్టు అంచున తెల్లగా ఉప్పు పొర, మొవ్వు వాలిన కొబ్బరిచెట్టు.

డల్లాస్ బాబాయ్:
బోరు నీళ్లు తాగడానికి పనికొస్తున్నాయా తమ్ముడూ?

రొయ్యల గట్టు:
ఎక్కడండీ. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, వాకిట్లో మాత్రం 20 లీటర్ల టిన్ను. అమ్మ పప్పు ఉడకేసేదీ ఆ నీళ్లతోనే. మాస్టారు వస్తే ఆ టిన్ను మర్చిపోవద్దని చెప్పండి.

బొమ్మల పిచ్చోడు:
నంబరు ఇక్కడ పెట్టొద్దు, విడిగా మెసేజ్ చెయ్యి. దసరా సెలవుల్లో వస్తా.