న్యూస్ యాంకర్ కావాలంటే గోదావరి యాస వదులుకోవాల్సిందేనా?

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా చెల్లి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. టీవీలో వార్తలు చదవాలని, తర్వాత డాక్యుమెంటరీలు చేయాలని దాని ఆశ. ఈమధ్య ఫోన్‌తోనే ఒక వీడియో తీసింది. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్టతో మొదలుపెట్టి, కాలువ చివరి పొలాలకు నీరందక రైతులు పడే అవస్థ వాళ్ల మాటల్లోనే చెప్పించింది. అన్నయ్యనని కాదు గానీ, నిజంగా బాగుంది.

ఒక శిక్షణ సంస్థవాళ్లు మాత్రం ఈ యాస పనికిరాదన్నారు, ఫీజేమో మా స్తోమతకు మించి చెప్పారు. అప్పటినుంచి పిల్ల ఒకటే టెన్షన్ పడుతోంది.

ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి. వార్తలకు ఉచ్చారణ సరిదిద్దుకోవాలి, ఒప్పుకుంటాను. డాక్యుమెంటరీలో కూడా యాస అడ్డమేనా? ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం పీజీ మేలా, లేక ముందు లోకల్ ఛానల్లో రిపోర్టర్‌గా చేరాలా? ఊళ్లు తిరిగితేనే విషయం తెలుస్తుందని నా నమ్మకం. 1983లో దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారి కాలంలో టెలిప్రాంప్టర్ (చదవాల్సిన వార్త ఎదురుగా కనిపించే తెర) లేదు కదా, ఆ పట్టు రావాలంటే ఇంట్లో రోజూ ఏం సాధన చేయాలి? ఆడిషన్‌కు ఈ వీడియో పంపొచ్చా?