శాలిహుండం, శ్రీముఖలింగం, రామతీర్థం: గైడ్‌తో ఒక్క పూటలో అవుతాయా?

నాగావళి_గట్టు అడిగిన ప్రశ్న:

డిసెంబర్‌లో ఒక ఆదివారం శ్రీకాకుళంలో ఉంటాం. నలుగురం. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మామయ్యగారు నడుస్తారు గానీ ఎండకు ఆగలేరు. పొద్దున్న ఆరింటికి బయల్దేరి మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా రూముకి వచ్చేయాలి, సాయంత్రం ఆమదాలవలసలో రైలుంది. మాకు మాత్రమే ఒక గైడ్‌ని, ఒక కారుని మాట్లాడుకుందామనుకుంటున్నాం. శాలిహుండం కొండమీది బౌద్ధ శిథిలాలు, శ్రీముఖలింగం శివాలయాలు, వీలుంటే రామతీర్థం కూడా చూడాలని ఉంది. మ్యాపులో మొదటి రెండూ వంశధార పక్కనే కనిపిస్తున్నాయి. కుదురుతుందా? గైడ్‌తో ముందుగా ఏమేం మాట్లాడుకోవాలి?

---

వంశధార_ఎగువ:

కుదరదండి. రెండూ వంశధార పక్కనే అన్న మాట నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. శాలిహుండం కుడి గట్టున, నది సముద్రంలో కలిసే కళింగపట్నానికి దగ్గర్లో ఉంది. శ్రీముఖలింగం ఎడమ గట్టున, బాగా ఎగువన జలుమూరు మండలంలో ఉంది. శ్రీకాకుళం నుంచి శాలిహుండానికి సుమారు 18 కిలోమీటర్లు, ముఖలింగానికి నరసన్నపేట మీదుగా 46 పైమాటే. ఒకటి చూసి రెండోదానికి వెళ్లాలంటే మళ్లీ హైవే ఎక్కి వంతెన దాటాల్సిందే. రామతీర్థం విజయనగరం దగ్గర, నెల్లిమర్ల మండలంలో ఉంది. దాన్ని ఈ పూటలోకి తేకండి.

ఒక పూటకి రెండు దారులున్నాయి. మొదటిది శాలిహుండం, శ్రీకూర్మం గుడి. కొండమీద గైడ్‌తో రెండు గంటలు, శ్రీకూర్మంలో గంట, రాకపోకలకి గంటన్నర, మధ్యలో టిఫిన్‌కి అరగంట. ఐదు గంటల్లో తేలిపోతుంది. రెండోది ముఖలింగం ఒక్కటే. వెళ్లిరావడానికి రెండున్నర గంటలు, మూడు గుళ్లకి రెండున్నర గంటలు.

మొదటిది ఎంచుకుంటే ముందు శాలిహుండం, తర్వాత శ్రీకూర్మం. ఈ వరస తిప్పకండి. కొండమీద నీడ తక్కువ, డిసెంబర్‌లో కూడా పదిన్నర దాటితే ఇటుకల వేడి తెలుస్తుంది. శ్రీకూర్మంలో మండపాల నీడ ఉంటుంది కాబట్టి ఎండవేళ అక్కడ గడిచిపోతుంది. గర్భగుడి తలుపులు మధ్యాహ్నం మూస్తారు, ఆ వేళ ఎప్పుడో ముందురోజే కనుక్కోండి.

కారు సంగతి. మామూలుగా 4 గంటలు 40 కిలోమీటర్లు, 8 గంటలు 80 కిలోమీటర్లు అని ప్యాకేజీలు చెప్తారు. శాలిహుండం, శ్రీకూర్మం, అరసవల్లి కలిపి తిరిగితే 40 దాటుతుంది. ముఖలింగం వెళ్లిరావడమే 90 పైన, అంటే 80 కూడా చాలదు. అదనపు కిలోమీటరుకి ఎంత, అదనపు గంటకి ఎంత అన్నది బయల్దేరే ముందే తేల్చుకోండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి, అసలు రేటు దగ్గర కాదు.

---

ఇటుకల_లెక్క:

శాలిహుండం గైడ్ లేకుండా వెళ్తే పావుగంటలో దిగొచ్చేస్తారు. "గుండ్రంగా ఇటుకలున్నాయి, నది బాగుంది" అని ఫొటో పెడతారు. కాబట్టి గైడ్‌ని పెట్టుకోవడం మంచి ఆలోచనే. కాకపోతే గేటు దగ్గర గైడ్‌లు నిలబడి ఉండే చోటు కాదది, ముందే కుదుర్చుకుని వెంట తీసుకెళ్లాలి. ఊళ్లో డిగ్రీ కాలేజీల్లో చరిత్ర చెప్పేవాళ్లని కనుక్కుంటే చాలాసార్లు ట్రావెల్స్ వాళ్లు పంపే మనిషికన్నా మేలు.

మాట్లాడుకునేటప్పుడు ఫోన్లోనే మూడు సంగతులు అడగండి. గజపృష్ఠ చైత్యానికీ వృత్త చైత్యానికీ (చైత్యం అంటే బౌద్ధుల పూజా మందిరం) తేడా అక్కడ ఎలా చూపిస్తారు? అక్కడ దొరికిన మారీచి విగ్రహాన్ని దేన్నిబట్టి గుర్తుపడతారు? స్తూపం (బౌద్ధులు పూజించే గుండ్రటి దిబ్బలాంటి కట్టడం) లోపల ఇటుక గోడలు చక్రం ఆకుల్లా ఎందుకు కట్టారు? మూడింటిలో రెండింటికి తిన్నగా జవాబొస్తే పెట్టేసుకోండి. "అవన్నీ అక్కడికొచ్చాక చూద్దాం సార్" అంటే అతను డ్రైవరు, గైడ్ కాడు.

ఆ జవాబులు మీకూ తెలిసుంటే మంచిది. గజపృష్ఠం అంటే ఒక కొస గుండ్రంగా, మిగతాది పొడుగ్గా ఉండే కట్టడం. తలుపు తిన్నని కొసన, పూజ జరిగే స్తూపమో బుద్ధుడి ప్రతిమో గుండ్రని కొసన. గోడలు మోకాలెత్తు మిగిలినా చాలు, తలుపు జాగా దొరికితే లోపల మనిషి ఎటు నడిచాడో తెలిసిపోతుంది. వృత్త చైత్యం మొత్తం గుండ్రంగా ఉంటుంది, అందులో ప్రదక్షిణ దారి చూడండి. చక్రం ఆకుల సంగతి ఏంటంటే, స్తూపం మొత్తం ఇటుకతో నింపితే ఖర్చూ బరువూ ఎక్కువ. మట్టితో నింపితే వానకి నాని పక్కలకి తోస్తుంది, బయటి గోడ పగులుతుంది. మధ్యనుంచి అంచుదాకా ఆకుల్లా అడ్డగోడలు వేసి, సందుల్లో మట్టి కూరితే ఆ తోపు విడివిడి గదుల్లో ఆగిపోతుంది. పునాది బయటపడి ఉన్నచోట ఇది కంటికి కనిపిస్తుంది, కట్టు పూర్తిగా నిలిచినచోట కనిపించదు.

ఇంకో సంగతి. పాత ఇటుక, మరమ్మతులో పెట్టిన ఇటుక పక్కపక్కనే ఉంటాయి. పాతది ఇప్పటి తొమ్మిది అంగుళాల ఇటుకకన్నా బాగా పెద్దది, అంచులు అరిగి ఉంటాయి. గైడ్ ఈ తేడా చూపించకపోతే మొన్న పేర్చిన వరసను రెండువేల ఏళ్లదనుకుని వచ్చేస్తారు.

ఈ చోటుని 1919లో మొదట గుర్తించింది గిడుగు వెంకట రామమూర్తి గారు. వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగు వారే. గైడ్‌లు చాలామంది ఈ మాట చెప్పరు, ఎందుకో మరి.

---

నాగావళి_గట్టు:

వివరంగా చెప్పారు, సంతోషం. శాలిహుండం కొండ కింది మ్యూజియం ముందు చూడాలా, కొండ దిగాక చూడాలా? మారీచి సంగతి కూడా కాస్త చెప్పండి. ముఖలింగం గురించి ఎవరైనా చెప్తే రెండింటిలో ఒకటి తేల్చుకుంటాం.

---

ఇటుకల_లెక్క:

కొండ ముందు, మ్యూజియం తర్వాత. పొద్దుటి చల్లదనం కొండకి వాడుకోవాలి. అయితే పైకెక్కే ముందే మ్యూజియం గది తెరిచే మనిషి ఉన్నాడా, ఎన్నింటికి తెరుస్తాడు అని కాపలా మనిషిని అడిగి ఎక్కండి. దిగొచ్చి తాళం చూసుకుంటే సగం యాత్ర పోయినట్టే, ఎందుకంటే విగ్రహాలన్నీ కిందే ఉన్నాయి.

మారీచి బౌద్ధంలో వజ్రయానమనే శాఖకి చెందిన దేవత. మూడు ముఖాలు, అందులో ఒకటి పంది ముఖం. చేతుల్లో సూదీ దారం, పీఠం కింద రథం లాగే ఏడు పందులు. ప్రతిమ అరిగిపోయినచోట అన్నీ కనబడవు, పంది ముఖమూ పీఠమూ చూడండి. జనం ఎక్కువగా పొరబడేది దీన్ని వారాహి అనుకుని. వారాహికి ఉన్న ఒక్క ముఖమే పంది ముఖం. ఇదే పూటలో అరసవల్లి కూడా చూస్తే సూర్యుడి రథానికి ఏడు గుర్రాలుంటాయి కదా, మారీచి కూడా వెలుగు దేవతే. ఆ రెండూ కలిపి చెప్పగల గైడ్ దొరికితే అడిగినంత ఇవ్వొచ్చు.

---

మ్యాపులు_గీసేవాడు:

పై మాటతో నేను ఒప్పుకోను. పెద్దవాళ్లు ఉన్నప్పుడు మ్యూజియమే ముందు. అత్తయ్యగారు కొండ ఎక్కలేకపోతే ఆవిడకి మిగిలేది అదొక్కటే. అందరూ కలిసి బౌద్ధ దేవతలు తార, మారీచి, బుద్ధుడి ప్రతిమలు చూశాక ఎక్కగలిగినవాళ్లు పైకి వెళ్తారు. గైడ్ పైకి వెళ్లిపోతే కింద ఉన్నవాళ్లకి చెప్పేవాళ్లుండరు. తలుపు ఏడింటికే తెరవరు అంటారా, అలాగైతే శ్రీకాకుళంలో అరసవల్లి చూసుకుని ఎనిమిదింటికి చేరేలా పెట్టుకోండి.

వాన పడిన మర్నాడైతే పైకి వద్దే వద్దు. ఇటుకల మీద నాచు పడితే కాలు నిలవదు. ఎండుగడ్డి ఏపుగా ఉన్నచోట చెప్పులతో దిగొద్దు, పాములుంటాయి. పెంకు ముక్క కనబడిందని జేబులో వేసుకోవద్దు. ఏ పొరలో దొరికిందన్నదే దాని విలువ, అక్కడినుంచి తీసిన క్షణాన అది ఉత్త పెంకు. చట్టం మాట వేరే చెప్పాలా, రక్షిత కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది.

---

జలుమూరు_కుర్రోడు:

మాస్టారూ, మోకాళ్ల నొప్పులున్నవారిని కొండెక్కించడమేటండి? ముఖలింగం వచ్చేయండి. మధుకేశ్వరం, సోమేశ్వరం, భీమేశ్వరం, మూడు గుళ్లూ ఊళ్లోనే, నేలమీదే. కారు దగ్గరిదాకా వస్తుంది. గడపలు దాటాలి, అంతే.

ఇక్కడ చెయ్యకూడనిది ఒకటుంది. అందరూ తిన్నగా మధుకేశ్వరుడి దగ్గరికి పోయి, దర్శనం చేసుకుని, ఓపిక అయిపోయాక "మిగతావి బయటినుంచి చూద్దాం" అంటారు. సోమేశ్వరం ముందు చూడండి. ఊరి మొదట్లో, ఒంటరిగా, మండపం లేకుండా నిలబడిన గుడి. భువనేశ్వర్ గుళ్లలాంటి రేఖా శిఖరం, అంటే నిలువుగా లేచి పైన లోపలికి వంగే గోపురం, కిందనుంచి పైదాకా అడ్డం లేకుండా కనిపిస్తుంది. గోడల గూళ్లలో బొమ్మలున్నాయి. పొద్దుటి ఏటవాలు ఎండలో చెక్కడం లోతు తెలుస్తుంది. పదకొండు దాటితే ఎండ నెత్తిమీదికొచ్చి అన్నీ చదునుగా అయిపోతాయి, ఫొటోకీ పనికిరావు, కంటికీ ఆనవు.

తర్వాత మధుకేశ్వరం. ఇది పూజలు జరిగే గుడి, పురావస్తు శాఖ రక్షణలో కూడా ఉంది. నాలుగు మూలలా చిన్న గుళ్లతో కట్టిన పంచాయతన పద్ధతి. గైడ్‌ని ముందు ద్వారబంధాల దగ్గర ఆపండి, తీగల మధ్య బొమ్మలు ఎవరెవరివో ఒక్కొక్కటీ చెప్పమనండి. లింగం చెక్కింది కాదు, సహజమైన రాయి. ఇప్పచెట్టు మొదలే లింగమైందని ఇక్కడి నమ్మకం. లింగం వెనక పెద్ద మట్టి గోలెం ఉంటుంది, దానికో కుమ్మరి కథ ఉంది. కథ వినండి, కానీ కథతోనే గంట నడిపించేస్తే ఊరుకోకండి. ఇది తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. ఆ వంశపు రాజు చోడగంగు రాజధానిని కటకానికి (ఇప్పటి ఒడిశాలోని కటక్) మార్చేదాకా ఇక్కడినుంచే ఏలారు. గోడలమీద, స్తంభాలమీద శాసనాలు బోలెడు, ఒక్కదాన్నైనా వేలు పెట్టి చూపించి ఏ రాజు కాలందో చెప్పమనండి. చెప్పలేకపోతే తెలిసిపోద్ది కదా.

పైన మారీచి, వారాహి అన్నారు చూడండి, ఇక్కడ సప్తమాతృకల్లో (ఏడుగురు అమ్మవార్ల వరసలో) వారాహి ఉంది. అమ్మవారు కాబట్టి ఫొటోకి పూజారిగారిని అడగాలి.

భీమేశ్వరం ఆఖర్న. చిన్నది, బొమ్మలు చాలావరకు పోయాయి, పది నిమిషాలు చాలు.

డిసెంబర్ ఆదివారమైతే ఒకసారి పంచాంగం చూసుకోండి, కార్తీకమాసం అయిపోయిందో లేదో. కార్తీకంలో, శివరాత్రికి, ఆ తర్వాత చక్రతీర్థ స్నానం రోజుల్లో గైడ్ మాట వినిపించదు, కారు ఊళ్లోకి రాదు.

---

నాగావళి_గట్టు:

ముఖలింగమే ఖాయం చేసుకున్నాం. రామతీర్థం మరోసారి విజయనగరం వచ్చినప్పుడు. అదైనా పెద్దవాళ్లతో కుదురుతుందా?

---

వంశధార_ఎగువ:

కింద రామస్వామి గుడి వరకు హాయిగా. బౌద్ధ కట్టడాలు గురుభక్తుల కొండ మీద ఉన్నాయి, ఎక్కడం గట్టిదే. 1910-11లో అలెగ్జాండర్ రే తవ్వించిన చోటది. పొడుగాటి రాతి అరుగుమీద వరసగా విహారాల (భిక్షువులుండే మఠాల) పునాదులు, చైత్యాలు. శాలిహుండం గురించి పైన చెప్పినవి అర్థమైతే ఇవి గైడ్ లేకుండానే చదవొచ్చు. దుర్గకొండ మీద జైన ప్రతిమలు, తూర్పు చాళుక్య విమలాదిత్యుడి కాలపు శాసనం ఉన్నాయి. శాసనంలో త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడి పేరుంది. ఒకే ఊళ్లో రామాలయం, బౌద్ధం, జైనం. కానీ రెండు కొండలూ ఒక పూటలో ఎక్కితే రెండోదాని మీద కూర్చోవడమే తప్ప చూడటం ఉండదు. కొండకి ఒక పూట.

---

మ్యాపులు_గీసేవాడు:

ముఖలింగానికి ఆఖరి మాటలు. గైడ్‌ని శ్రీకాకుళంలోనే కారెక్కించుకోండి, "అక్కడ కలుస్తా" అంటే ఒప్పుకోవద్దు. వెళ్లేటప్పటి గంటా పావులో గాంగుల చరిత్ర చెప్పించేస్తే గుడి దగ్గర నిలబడి వినే బాధ పెద్దవాళ్లకి తప్పుతుంది. అతని టిఫిన్, తిరిగి దింపడం ఎవరి లెక్కలోకో ముందే అనుకోండి. అడ్వాన్స్ ఇస్తే సగానికి మించొద్దు.

మడతపెట్టే చిన్న స్టూల్ ఒకటి అత్తయ్యగారికోసం పెట్టుకోండి, సోమేశ్వరం దగ్గర అక్కరకొస్తుంది. మనిషికి లీటరు నీళ్లు, గూళ్లలో బొమ్మలు చూడటానికి చిన్న టార్చి చాలు. టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి వేయాలి, అప్పుడే అరిగిన గీతలు, అక్షరాలు లేస్తాయి. శాసనాలమీద సుద్ద, పిండి, నీళ్లు రుద్దబోతే గైడ్‌ని ఆపేయండి. మామూలు ఫొటోలకి ఫరవాలేదు, స్టాండుకీ డ్రోనుకీ ముందుగా అనుమతి కావాలి.

టిఫిన్ నరసన్నపేటలో వెళ్లేటప్పుడే కానిచ్చేయండి. ముఖలింగంలో ఆ వేళకి హోటల్ వెతుక్కుంటూ కూర్చుంటే సోమేశ్వరం మీద ఎండ దాటిపోతుంది.