అప్‌డేట్: హ్యాచ్ మిరపకాయలు వలిచాక చేతుల మంట, తగ్గింది

లేబర్ డే సెలవులకి అత్తయ్యని, పిల్లల్ని తీసుకుని టెక్సస్‌లోని ఎల్ పాసో నుంచి న్యూమెక్సికోలోని హ్యాచ్ అనే ఊళ్ళో జరిగే మిరప పండక్కి వెళ్ళొచ్చాం, అక్కడ కాల్పించుకున్న పచ్చిమిర్చి వట్టి చేతులతో వలిస్తే రాత్రంతా మంట అని రాశాను కదా. తగ్గింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది కొబ్బరినూనె సలహా. గోళ్ళ సందుల్లోకి కూడా పట్టించి, ఐదు నిమిషాలాగి గిన్నెలు తోమే సబ్బుతో కడిగాను, మూడుసార్లు. కారం నూనెలో కరిగినట్టు నీళ్ళలో కరగదు. ఐసు నీళ్ళతో ఉపశమనం చేయి ముంచినంతసేపే. నిమ్మరసం మాత్రం వద్దు, గోరు పక్కన గాటుంటే అదింకో మంట.

'గుంటూరు వాళ్ళకి ఇదో కారమా' అన్నారు కొందరు. నేనూ అలా అనుకునే గ్లవ్స్ వేసుకోలేదు! మన ఎండుమిర్చి తొడిమ పట్టుకుని తుంచేస్తాం. ఇవి గ్యాస్ మంట మీద డ్రమ్ములో తిప్పి కాల్చినవి, మెత్తగా తడితడిగా ఉంటాయి. తొక్క లాగితే లోపలి తెల్ల ఈనె చిరిగి రసమంతా వేళ్ళకే. అసలు కారం ఆ ఈనెలోనే. అందుకే అవి హ్యాచ్ మిర్చిలో బిగ్ జిమ్ రకమా, శాండియా రకమా అని మీలో కొందరు చేసిన చర్చ అనవసరమైంది.

మిగతా సగం సంచి తొక్కతోనే ఫ్రీజర్లో పెట్టాను. కరిగాక ఇంకా తేలిగ్గా ఊడుతోంది. నిన్న అత్తయ్య వాటితో పెరుగు పచ్చడి చేసింది, గ్లవ్స్ వేసుకుని.