నాన్నగారికి షుగరు, ట్రైగ్లిజరైడ్లు రెండూ ఎక్కువగా ఉన్నాయి: కొవ్వుకు విడిగా మందు వాడాలా?

రాజోలు_వాసి:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి 58 ఏళ్లు. కొబ్బరి తోట, కొంత వరి చేను చూసుకుంటారు. షుగరు ఉన్నట్టు కొన్నేళ్ల క్రితమే తెలిసినా మందులు సక్రమంగా వాడింది తక్కువ. అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాక ఈ నెలలో అమలాపురం తీసుకువెళ్లి పరీక్షలు చేయించాము. పరగడుపు షుగరు 198, హెచ్‌బీఏ1సీ (గత రెండు, మూడు నెలల సగటు షుగరును చూపే పరీక్ష) 9.4, మొత్తం కొలెస్ట్రాల్ 228, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారే, అది) 34, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 412 వచ్చాయి. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, ఉండవలసిన చోట అంకె లేదు, గీత మాత్రమే ఉంది.

డాక్టరుగారు షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్‌తో పాటు రాత్రిపూట వేసుకోవడానికి అటోర్వాస్టాటిన్ (ఎల్‌డీఎల్‌ను తగ్గించే స్టాటిన్ రకం మందు) రాశారు. ట్రైగ్లిజరైడ్లకు వేరే మాత్ర అక్కర లేదని, షుగరు అదుపులోకి వస్తే అవి చాలావరకు దిగుతాయని, మూడు నెలల తరువాత మళ్లీ చూద్దామని చెప్పారు. 412 ఉన్నదానికి మందు రాయకుండా, అంకె కూడా తెలియని ఎల్‌డీఎల్‌కు మందు ఎందుకు రాశారో మాకు బోధపడలేదు. పైగా మా బంధువు ఒకాయన, స్టాటిన్ వాడితే షుగరు ఇంకా పెరుగుతుందని భయపెట్టారు. నాన్నగారు తనంతట తానే గుడ్డు, కొబ్బరి పచ్చడి మానేశారు గాని, అన్నం మాత్రం మూడు పూటలా మునుపటిలాగే తింటున్నారు. తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

తణుకు_ల్యాబ్:

ఆ గీత సంగతి నేను చెప్పగలను. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు. మొత్తం కొలెస్ట్రాల్‌లో నుంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతును తీసివేసి మిగిలినదాన్ని ఎల్‌డీఎల్‌గా రాస్తారు. ఇది 1972లో ఫ్రీడ్‌వాల్డ్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం. ట్రైగ్లిజరైడ్లు 400 దాటాక ఆ ఐదో వంతు అంచనా నిలవదు కనుక, తప్పు అంకె వేయడం కంటే గీత పెట్టి వదిలేయడమే నిజాయితీ గల పని. ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిచే పరీక్ష కూడా ఉంది, అవసరమైతే డాక్టరుగారు రాస్తారు.

అది లేకపోయినా మీ చేతిలో ఉన్న రిపోర్టు చాలా చెబుతుంది. మొత్తం 228లో నుంచి హెచ్‌డీఎల్ 34 తీసివేయండి, 194 వస్తుంది. దీన్ని నాన్-హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్ అంటారు. రక్తనాళాల గోడలకు హాని చేసే కణాలన్నిటిలోని కొలెస్ట్రాల్ ఇందులోకి వస్తుంది, భోజనం చేసి రక్తం ఇచ్చినా ఇది పెద్దగా మారదు. షుగరు ఉన్నవారికి 194 ఎక్కువే.

ట్రైగ్లిజరైడ్లు అలా కాదు, ముందు రోజు రాత్రి తిన్నదాన్ని బట్టి కూడా మారతాయి. మా దగ్గర పెళ్లిళ్ల రోజుల్లో ఇది కళ్లారా చూస్తాము. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైన నిలిచే సీరం మామూలుగా లేత పసుపు రంగులో, గొట్టం వెనక ఉన్న అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగినకొద్దీ అది మసకబారి, మరీ ఎక్కువైతే తెల్లబడి, అవతలి అక్షరాలు కనిపించకుండా పోతాయి. అందువల్ల ఈసారి రక్తం ఇచ్చే ముందు రాత్రి తేలికగా తిని, ఆ తరువాత పది, పన్నెండు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా రమ్మనండి.

భీమవరం_విశ్రాంత_వైద్యుడు:

మీ డాక్టరుగారి నిర్ణయం సబబుగానే ఉంది. దాని వెనక ఉన్న కారణం తెలిస్తే మీకూ ధైర్యంగా ఉంటుంది.

చక్కెరను కణాల్లోకి పంపడం ఒక్కటే ఇన్సులిన్ పని కాదు. ఒంట్లోని కొవ్వు నిల్వలకు అది మన కాలువల మీద లాకు వంటిది. భోజనం తరువాత తలుపులు దించి, కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి పారకుండా ఆపుతుంది. టైప్ 2 మధుమేహంలో ఇన్సులిన్ ప్రభావం ఒంటి మీద సరిగా ఉండదు కనుక ఆ తలుపులు పూర్తిగా దిగవు. కొవ్వు ఆమ్లాలు వేళాపాళా లేకుండా కాలేయానికి చేరుతూనే ఉంటాయి. తిన్న అన్నంలో ఖర్చు కాని చక్కెరను కూడా కాలేయం కొవ్వుగా మార్చి, ఈ రెండిటినీ కలిపి ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి పంపుతుంది. వాటిని రక్తంలో నుంచి తొలగించవలసిన ఎంజైము కూడా ఇన్సులిన్ అండ లేనిదే చురుకుగా పనిచేయదు. ఇలా పెరిగిన ట్రైగ్లిజరైడ్ల వల్లనే హెచ్‌డీఎల్ త్వరగా అరిగిపోతుంది, ఎల్‌డీఎల్ కణాలు చిన్నవిగా, చిక్కనివిగా మారతాయి. 9.4, 412, 34 అనే మూడు అంకెలు ఒకే కాగితం మీద కనిపించడం యాదృచ్ఛికం కాదు. షుగరు అదుపులోకి వస్తే ట్రైగ్లిజరైడ్లు దిగుతాయన్న మాటకు ఆధారం ఇదే.

ఎల్‌డీఎల్ విషయం వేరు. షుగరు ఎంత బాగా తగ్గినా ఎల్‌డీఎల్ ఆ మేరకు తగ్గదు. నలభై దాటిన షుగరు రోగులకు స్టాటిన్ రాసేది ఒక అంకెను చూసి కాదు, గుండెపోటు, పక్షవాతం ముప్పును చూసి. 2004లో వెలువడిన కార్డ్స్ అధ్యయనంలో, అంతకుముందు గుండె జబ్బు లేని టైప్ 2 రోగులకు రోజుకు 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ ఇస్తే, గుండె, రక్తనాళాలకు సంబంధించిన పెద్ద ప్రమాదాలు 37 శాతం తగ్గాయి. మీ బంధువు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, స్టాటిన్ వల్ల షుగరు స్వల్పంగా పెరగవచ్చు. ఆ స్వల్ప పెరుగుదలకు జడిసి గుండెకు ఉన్న రక్షణను వదులుకోవడం మాత్రం ఎంతమాత్రం తగదు.

ట్రైగ్లిజరైడ్లకు ఫెనోఫైబ్రేట్ వంటి మందులు ఉన్న మాట నిజమే. కాని 2010లో వచ్చిన అకార్డ్ అధ్యయనంలో స్టాటిన్‌కు ఫెనోఫైబ్రేట్ జోడించినా మొత్తం మీద గుండె ప్రమాదాలు తగ్గలేదు. 2022లో ప్రామినెంట్ అధ్యయనం, ట్రైగ్లిజరైడ్లు 200కు, 499కు మధ్య ఉండి హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్న టైప్ 2 రోగులకు, అంటే సరిగ్గా మీ నాన్నగారి వంటి వారికే, అదే కోవకు చెందిన పెమాఫైబ్రేట్ ఇచ్చి చూసింది. ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి గాని గుండె ప్రమాదాలు తగ్గలేదు. ఈ మందుల అవసరం ముఖ్యంగా 500 దాటినప్పుడు వస్తుంది, 1000 దాటితే ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే అక్కడ భయం క్లోమ గ్రంథి వాపు గురించి. పై కడుపులో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

థైరాయిడ్ పరీక్ష, మూత్రపిండాల స్థితిని తెలిపే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించకపోయి ఉంటే చేయించండి. థైరాయిడ్ మందగించినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. మద్యం అలవాటు ఉందేమో మీరు రాయలేదు.

ముమ్మిడివరం_అక్క:

తమ్ముడూ, నేను చాలాకాలంగా షుగరుతో ఉన్నదాన్ని, నా ట్రైగ్లిజరైడ్లు కూడా ఒకప్పుడు 300 దాటాయి. నాన్నగారు మానవలసినదాన్ని ఉంచుకొని మరొకటి మానేశారనిపిస్తోంది. కొబ్బరిలో ఉన్న కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచే రకమే కనుక మితం మంచిదే గాని, ఆయన 412కు మూలం పచ్చడి గిన్నెలో కంటే అన్నం పళ్లెంలోనే ఎక్కువగా ఉంది.

మన వైపు అన్నం కంటి కొలతతో వడ్డిస్తాము, అక్కడే లెక్క తప్పుతుంది. మా ఇంట్లో వండిన అన్నాన్ని ఒక చిన్న స్టీలు గిన్నెతో కొలిచి పళ్లెంలో బోర్లిస్తాను, నాకు పూటకు ఆ ఒక్క గిన్నె మాత్రమే. మిగతా ఆకలి తీరడానికి ముందుగా కూర, పప్పు, ఆకుకూర పెట్టుకుంటాను. రాత్రిపూట అన్నం బదులు జొన్నరొట్టె అలవాటు చేసుకున్నాను, అదీ రెండుకు మించదు. చేప మంచిదే, కానాగంతల వంటి కొవ్వున్న సముద్రపు చేపలు మరీ మంచివి. అయితే చేపల పులుసు వండిన రోజే మనవాళ్లకు అన్నం రెట్టింపు పోతుంది, ఆ రోజున గిన్నె కొలత ఇంకా గట్టిగా పాటించాలి. బెల్లం పూతరేకులు తింటే ఫరవాలేదని చుట్టాలు చెప్పే మాట నమ్మవద్దు, ఒంట్లోకి వెళ్లాక బెల్లమూ చక్కెరే. ఇంట్లో పండిన చక్రకేళీలు కూడా గెల మాగినప్పుడు వరుసగా తినేవి కావు.

భోజనం చేసిన వెంటనే పడుకోకుండా గట్టు మీద కాసేపు నడవమని చెప్పండి. అరికాళ్ల తిమ్మిర్లు ఉన్నాయి కనుక చెప్పులు లేకుండా మాత్రం వద్దు.

రాజోలు_వాసి:

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరుగారు అడిగిన మద్యం సంగతి రాయడానికి సంకోచించాను. నాన్నగారికి సాయంత్రం పూట తాటికల్లు తాగే అలవాటు ఉంది. అది చెట్టు నుంచి వచ్చేదే కదా అని మేమెవరమూ మద్యం కింద లెక్క వేయలేదు, అమలాపురంలో డాక్టరుగారికి కూడా చెప్పలేదు.

భీమవరం_విశ్రాంత_వైద్యుడు:

తప్పక చెప్పండి, ఫోను చేసైనా రేపే చెప్పండి. కల్లులో ఆల్కహాలు ఉంది, పులియకుండా మిగిలిన చక్కెర కూడా ఉంటుంది. ఆ రెండూ కాలేయంలో ట్రైగ్లిజరైడ్ల తయారీని పెంచేవే. అది మానేస్తే 412లో ఎంత భాగం దానిదో వచ్చే పరీక్షలోనే తేలుతుంది.

అంతకంటే అత్యవసరమైనది మరొకటి ఉంది. గ్లిమెపిరైడ్ వేసుకొని, భోజనం ఆలస్యమై, ఖాళీ కడుపున కల్లు తాగితే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబడే మాట చూసి ఇంట్లోవారు తాగిన మత్తు అనుకొని పడుకోబెడతారు. అటువంటప్పుడు గ్లూకోమీటరుతో చూడాలి. 70 కంటే తక్కువ ఉండి, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు, నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్లీ చూడాలి. స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. రక్తపరీక్షకు పరగడుపున వెళ్లే రోజున గ్లిమెపిరైడ్ వేసుకొని వెళ్లకూడదు. రక్తం ఇచ్చి, టిఫిను ముందర పెట్టుకున్నాకే వేసుకోవాలి.