తుప్పు పట్టిన బాత్రూమ్ జాలీ: ఫ్రేముతో సహా పీకాలా, మూత మారిస్తే చాలా?

మూడో అంతస్తు (నిజాంపేట)
మాది పాత అపార్ట్‌మెంట్. షవర్ కింద ఉన్న స్టీలు జాలీ మూత తుప్పు తినేసి రెండు మూడు చోట్ల విరిగింది. మొన్న బాబు బొటనవేలు కోసుకుంది. చుట్టూ ఉన్న చదరపు ఫ్రేము టైల్స్ మధ్య తెల్ల సిమెంటుతో బిగించి ఉంది. వచ్చిన ప్లంబరు "మొత్తం పగలగొట్టి కొత్తది కూర్చోబెడదాం, చుట్టూ నాలుగు టైల్స్ పోతాయి" అన్నాడు. హార్డ్‌వేర్ షాపాయన మూత ఒక్కటే ఇస్తానంటాడు. ఇంట్లో నాన్నగారేమో నేల మీద సుత్తి పడనివ్వనంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

తాపీపని
నాన్నగారి మాట వినండి. బాత్రూముకి స్లాబు కిందికి దించి వేస్తారు, కొన్ని పాత బిల్డింగుల్లో అడుగు దాకా. ఆ గుంటలో వాటర్‌ప్రూఫింగ్ పూత పూసి, పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్. ట్రాప్ అంటే జాలీ కింద ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉండే వంపు గొట్టం, దాని మెడ చుట్టూ ఆ పూతని పైకి మలిచి వదులుతారు. బిల్డింగ్ మొత్తంలో అంతకంటే నాజూకైన చోటు లేదు. మీరు పైన ఉలితో కొట్టే దెబ్బ నేరుగా ఆ మెడకే తగులుతుంది. పీవీసీ మెడ దగ్గర వెంట్రుకంత పగులు చాలు, కింది ఫ్లాట్ సీలింగ్ మీద మరక ఎప్పుడో కొన్ని నెలలకి తేలుతుంది. అప్పుడు ఆ ప్లంబరు ఫోన్ ఎత్తడు.

పాత మూత చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లండి. జాలీ "అయిదించీలది" అని చెబితే ఫ్రేము కొలత చూసి ఇస్తారు, లోపలి మూత కొలత వేరు. ఒక మిల్లీమీటరు పెద్దదైనా కూర్చోదు, చిన్నదైతే కాలు పెట్టినప్పుడల్లా టకటకమంటుంది.

వైజాగ్ సివిల్
తాపీపని గారు చెప్పిన స్లాబు సంగతంతా నిజమే. కానీ అసలు రోగం మూతలో ఉందా, ఫ్రేములో ఉందా? మూతని తినేసిన నీళ్లే ఫ్రేము అంచుని కూడా తినేసి ఉంటాయి. ఫ్రేముకీ టైలుకీ మధ్య సందు పడితే స్నానం చేసిన ప్రతిసారీ కొంత నీరు ట్రాపులోకి పోకుండా టైల్ కిందికి దిగుతుంది. మెరిసే కొత్త మూత పెడితే ఆ సందు కనపడకుండా పోతుంది, అంతే.

పీకడమంటే సుత్తే అక్కర్లేదండీ. చిన్న గ్రైండరుకి డైమండ్ బ్లేడు పెట్టి ఫ్రేము చుట్టూ జాయింటు మాత్రమే నెమ్మదిగా కోయాలి. టైలు అంచుకి ముందే టేపు వేసుకోవాలి. తర్వాత ఫ్రేముని లోపలి వైపుకి వంచి తీసేస్తే టైల్స్ ఒక్కటీ పోవు. కోసే ముందు ట్రాపులో గుడ్డ కుక్కడం మర్చిపోకండి, ముక్కలు లోపల పడితే అది ఇంకో పంచాయతీ. కొత్త ఫ్రేము టైలు కంటే ఒక మిల్లీమీటరు కిందికి ఉండాలి. బిగించడానికి తెల్ల సిమెంటు వద్దు, ఎపాక్సీ గ్రౌట్ (జాయింట్లలో నింపే, నీరు తాగని రెసిన్ ముద్ద) వాడండి. ఒక రోజంతా నీళ్లు తగలనివ్వకండి.

హన్మకొండ పిల్ల
మా ఇంట్ల గిట్లనే అయితే పాతదాని మీదనే ఇంకో పల్చటి జాలీ సిలికాన్‌తో అంటించిన్రు. ఏం పగలగొట్టుడు లేదు, అరగంటల పనైపోయింది. అట్ల చేస్తే కాదా అన్నా?

తాపీపని
అది మాత్రం వద్దు తల్లీ. ఆ మందం వల్ల నీళ్ల వాటం జాలీ అంచు దగ్గరే ఆగిపోతుంది. చుట్టూ ఎప్పుడూ పల్చగా నీరు నిలిచి పాకుడు పడుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో మరీ ప్రమాదం. ఈ ఒక్క విషయంలో వైజాగ్ ఆయనా నేనూ కొట్టుకోం.

వైజాగ్ సివిల్
కొట్టుకోం.

స్టీలు సామాను
మూతో ఫ్రేమో తర్వాత, ముందు ఇది ఎందుకు పాడైందో అడగరేం? నాకు స్టీలు వ్యాపారం. చవక జాలీల్లో ఎక్కువ భాగం 202 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. అందులో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. మేలు రకం 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, తుప్పుని బాగా ఆపుతుంది. షాపులో అయస్కాంతం పెట్టి "చూడండి సార్, అంటుకోవట్లేదు, ఒరిజినల్" అంటారు. 202 కూడా అంటుకోదు! ఆ పరీక్ష ఈ రెంటినీ వేరు చేయలేదు. బిల్లు మీద 304 అని రాయించుకోండి. రాయనన్నాడంటే సంగతి తెలిసిపోయినట్టే.

ఇంకోటి. బోరు నీళ్ల తెల్ల మరకలు పోవాలని వారం వారం యాసిడ్ పోసే ఇల్లయితే 304 కూడా నిలవదు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్, అందులోని క్లోరైడు స్టీలుకి సూదిపోట్లలాంటి గుంటలు పెడుతుంది. యాసిడ్ మానలేనివాళ్లు పీవీసీ జాలీ పెట్టుకోవడమే మేలు. అందం తక్కువ, కానీ తుప్పన్నదే లేదు.

డాలస్ బాబాయ్
ఇక్కడ మా షవర్‌లో గుండ్రటి మూత, రెండు స్క్రూలు. విప్పి కొత్తది బిగించడమే. మన దగ్గర కూడా ఫ్రేముని సిమెంటులో పాతిపెట్టకుండా స్క్రూలతో ఇవ్వరెందుకో.

హన్మకొండ పిల్ల
బాబాయ్, మా దగ్గర బాత్రూం అంటే మొత్తం నేలంతా తడుస్తది. స్క్రూలు ఆర్నెల్లకే తుప్పు పట్టి రావు.

మూడో అంతస్తు (నిజాంపేట)
షాపాయన బొద్దింకలు రాని జాలీ అని ఇంకోటి చూపించాడు. అడుగున గిన్నెలా ఉంటుంది. అది తీసుకోనా?

తాపీపని
మీ ట్రాపులో నీళ్లు నిలుస్తుంటే ఆ గిన్నె దండగ. వెంట్రుకలు ఇరుక్కుని నీళ్లు నెమ్మదిగా పోతాయి.

వైజాగ్ సివిల్
దండగ అనను. ట్రాపులో 50 మిల్లీమీటర్ల నీటి మట్టం ఉండాలి, అదే వాసననీ పురుగునీ ఆపుతుంది. కానీ వాడని బాత్రూముల్లో ఆ నీరు ఆరిపోతుంది. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో సార్స్ మూడొందల మందికి పైగా సోకినప్పుడు, దర్యాప్తులో వేలెత్తి చూపిన వాటిలో ఇలా ఎండిపోయిన నేల ట్రాపులు కూడా ఉన్నాయి. ఎగ్జాస్ట్ ఫ్యాను తిరిగితే మురుగు గొట్టంలో గాలి తిన్నగా బాత్రూములోకి వచ్చేదట. ఊరెళ్లే ముందూ వచ్చాకా ఒక చెంబెడు నీళ్లు జాలీలో పోయండి. రోజూ వాడే షవర్ కింద గిన్నె అక్కర్లేదు, చుట్టాల గది బాత్రూములో పెట్టుకోండి.

మూడో అంతస్తు (నిజాంపేట)
ఇవాళ మూత ఎత్తి చూశాను. ఫ్రేము మూడు వైపులా గట్టిగానే ఉంది. గోడ వైపు అంచు నొక్కితే కొద్దిగా కదులుతోంది, దాని పక్క టైలు తడితే డొల్లగా మోగుతోంది. ట్రాపులో నీళ్లు ఉన్నాయి.

వైజాగ్ సివిల్
అయిపోయింది. పక్క టైలు డొల్లగా ఉందంటే కింద తడి చేరి ఉండొచ్చు. పీకాల్సిందే.

తాపీపని
డొల్ల టైళ్లు తడి వల్లే రావు సార్. వేసినప్పుడే అడుగున సరిగా సిమెంటు మాలు పట్టించకపోయినా అలాగే మోగుతాయి, ఈ కాలం బాత్రూముల్లో సగం అంతే. కదిలే అంచు దగ్గర పాత సిమెంటు గీకేసి, ఆరబెట్టి, ఎపాక్సీ నింపి, మూత మార్చండి. ముందు ఒక పరీక్ష చేయండి. ట్రాపు నోట్లో ఇసక మూట బిగించి, గుమ్మం దగ్గర చిన్న గట్టు కట్టి, బాత్రూములో అంగుళం నీరు రాత్రంతా నిలపండి. పొద్దున నీటి మట్టం చూడండి, కింది ఫ్లాట్ సీలింగూ చూడండి.

వైజాగ్ సివిల్
పరీక్షకి నేనూ ఒప్పుకుంటా. కానీ సీలింగ్ పొడిగా ఉంటే "బాగుంది" అని రాసేసుకోకండి. ఇటుక ముక్కల పొర బోలెడు నీళ్లు తాగి కూర్చుంటుంది, ఒక్క రాత్రిలో బయటపెట్టదు. నీటి మట్టం తగ్గితేనే లెక్క. అది తగ్గితే గ్రైండరు తెప్పించండి.

తాపీపని
మట్టం తగ్గిందనగానే జాలీయే దొంగ అనుకోకూడదు, టైల్స్ మధ్య జాయింట్లు కూడా తాగుతాయి. ముందు ఎపాక్సీ నింపి, మళ్లీ నీళ్లు నిలిపి చూడండి. అప్పటికీ తగ్గితే మీరన్నట్టే, గ్రైండరు.

మూడో అంతస్తు (నిజాంపేట)
శనివారం రాత్రి నీళ్లు పెడుతున్నాను. కింది ఫ్లాట్ ఆంటీకి చెప్పి వచ్చాను, ఆవిడ బాత్రూములో ముందే ఒక పాత మరక ఉందని ఇప్పుడు బయటపెట్టారు. దాని ఫోటో తీసి పెట్టుకున్నాను, రేపు పోల్చుకోవాలి కదా. అప్పటిదాకా విరిగిన మూత మీద ప్లాస్టిక్ చాప వేసి ఉంచాను.